పటిక కట్టిన రంగు: అద్దకపు తొట్టినుండి సూక్ష్మదర్శిని పలక వరకు

మనుష్యుని దేహమునుండి తీసిన కాలేయపు తునకనుగాని, కండ తునకనుగాని తలవెండ్రుక మందములో పదవవంతునకు మించని పొరగా కోసి సూక్ష్మదర్శినిక్రింద నుంచినచో కంటికి కనబడునది మిక్కిలి స్వల్పము. ఆ పొరలో వేలకొలది కణములున్నవి, కణములయందు కేంద్రకములున్నవి, కేంద్రకములలో జీవి వంశలక్షణములను మోయు పదార్థమున్నది. అయినను అవి యన్నియు నీట మునిగిన గాజుముక్కలవలె ఒకదానినుండి మరియొకటి వేరుగా తోపవు. కాంతి వానిగుండ అడ్డులేక సాగిపోవును. కటకము లెంత శక్తిగలవైనను లేని వర్ణభేదమును పుట్టింపజాలవు. రోగి దేహమున పుట్టిన గడ్డ క్యాన్సరా, కాదా యని వైద్యుడు నిర్ణయింపవలెనన్న ముందుగా ఆ పొరకు రంగు కట్టవలెను.

ఈ పనికి నేడు ప్రపంచమందంతట ఆసుపత్రులలో ప్రధానముగా వాడబడునది హెమటాక్సిలిన్, ఇయోసిన్ అను రెండు రంజకముల జంట. ఇందులో మొదటిది మధ్య అమెరికాలో పెరుగు ఒక చెట్టు చేవనుండి వచ్చును. కాని ఆ చెక్కరసము ఒంటరిగా కణమునకు పట్టదు. దానికి పటిక తోడు కావలెను. రంగునకు పటిక తోడుచేయుట యనునది ప్రయోగశాలలో పుట్టిన తలపు కాదు. అంతకు శతాబ్దముల పూర్వమే అద్దకపువారి చేతులలో నున్న విద్య. కోరమండల తీరపు తెలుగు అద్దకపువారు ఆ విద్యలో లోకప్రసిద్ధిగాంచిరి. తొట్టియొద్ద నేర్చిన ఆ సూక్ష్మము గాజుపలకపై కణమును చూపుటకు సాధనమైన విధమును వివరించుట ఈ వ్యాసమునకు విషయము.

చిరివేరును పటికయు

కోరమండల తీరపు ఇసుకనేలలలో చిరివేరు అను చిన్న మొక్క పెరుగును. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని ఓల్డెన్‌లాండియా అంబెల్లాటా అందురు. సన్నని దాని వేళ్ల తొక్కలో అలిజరిన్ అను ఎఱ్ఱని వర్ణద్రవ్యము కలదు. ఐరోపావారి మంజిష్ఠవేరులోని ప్రధాన వర్ణద్రవ్యమును ఇదియే. సామర్లకోటలో చిరకాలము పనిచేసిన విలియం రాక్స్‌బరో 1795వ సంవత్సరమునుండి వెలువడిన తన కోరమండల తీరపు వృక్షముల గ్రంథమున ఈ మొక్కను బొమ్మతోకూడ వర్ణించెను. అంతకుముందే, 1742వ సంవత్సరమున, తెలుగు నేర్చిన ఫ్రెంచి జెసూటు మతగురువు కేర్దూ ఈ తీరమున బట్టలకు రంగువేయు పద్ధతిని చిత్రకారులనుండి అడిగి తెలిసికొని తన దేశమునకు లేఖగా వ్రాసి పంపెను. దూరదేశపు పండితులు ఈ పనివారి క్రియను గ్రంథస్థము చేయదగినదిగా నెంచిరనుటకు ఈ రెండును సాక్ష్యములు.

ఆ క్రియ యిట్టిది. నూలుబట్టను చలువచేసి, కరక్కాయ రసమును గేదెపాలును కలిపిన నీటిలో ముంచి ఆరబెట్టుదురు. పాలలోని కొవ్వు వ్రాతను చెదరనీయదు. ఇనుపముక్కలను బెల్లపునీటిలో పులియబెట్టి తీసిన కసిమితో కలము పట్టి రేఖలు దిద్దుదురు. ఇనుము కరక్కాయలోని వగరుతో కలిసి నల్లనగును. ఎఱుపు కావలసిన చోట్లనెల్ల పటికనీరు పూయుదురు. పిమ్మట పారునీటిలో జాడించి, అంటక మిగిలిన పటికను వదలగొట్టి, బట్టను వేరు కాగిన తొట్టిలో ఉడికింతురు. తొట్టిలోని నీరు బట్టనంతటిని తడుపును. అయినను రంగు నిలుచునది పటిక తాకినచోటనే. మిగిలిన భాగము జాడింపులకును ఎండకును మరల తెల్లనగును.

ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. పటికకు తనకుగా రంగు లేదు. బట్టపై పూసినపుడు అది కంటికైనను కనబడదు. కాని అందులోని అల్యూమినియము ఒకచేత నూలును, మరియొకచేత వర్ణద్రవ్యమును పట్టుకొని రెంటిని విడరాని బంధమున నిలుపును. ఇట్టి ద్రవ్యమును వర్ణబంధక మనవచ్చును. ఎచ్చట రంగు నిలువవలెనో నిర్ణయించునది రంగు కాదు, బంధకము. కణజాలమునకు రంగు కట్టు విద్యకును ఈ వాక్యమే మూలసూత్రము.

ఈ విద్య ఆంధ్రదేశపు సరిహద్దులలోనే నిలిచిపోలేదు. బందరు, పెడన, శ్రీకాళహస్తి లందువలెనే తంజావూరు సీమలోని సిక్కినాయకన్‌పేటలోను కలంకారీ పని సాగినది. అచ్చటి తెలుగు కుటుంబములు నాయకరాజుల కాలమున వచ్చి స్థిరపడినవారని ప్రతీతి. కాంచీపురమునను, షోలాపురమునను, భివండీలోను స్థిరపడిన తెలుగు సాలెవారికి నూలును రంగును ఇంటిమాటలే. యానాము మొదలగు పరదేశీయుల స్థావరములు ఈ తీరమున వెలసినది ప్రధానముగా వస్త్రవ్యాపారముకొరకే.

రంగుపట్టిన ఎముక

కోరమండల వస్త్రములు ఇంగ్లండులో నెంత వ్యాప్తి పొందెనన, అచ్చటి నేతపనివారి మొఱ్ఱ విని పార్లమెంటు 1700లో ఒక చట్టమును, 1721లో మరియొక చట్టమును చేసి వాని దిగుమతిని, వాడుకను అడ్డవలసివచ్చెను. దిగుమతి ఆగినను ఆ అద్దకపు పద్ధతిని అనుకరించు పనివారు అచ్చట వెలసిరి. వారు చిరివేరునకు మారుగా మంజిష్ఠను వాడిరి.

లండను శస్త్రవైద్యుడు జాన్ బెల్చియర్ అట్టి అద్దకపువాని యింట భోజనము చేయుచు, వడ్డించిన పందిమాంసములోని ఎముకలు ఎఱ్ఱగా నుండుటను చూచి ఆశ్చర్యపడెను. మంజిష్ఠ అద్దిన బట్టలను శుభ్రముచేయుటకు వాడిన తవుడును ఆ పందులకు మేతగా పెట్టుచుండిరి. బెల్చియర్ ఈ విషయమును 1736లో రాయల్ సొసైటీకి నివేదించెను. పెరుగుచున్న ఎముకలోని సున్నపు ధాతువు పటికవలెనే రంగును పట్టుకొనును. మాంసమున కా శక్తి లేదు. జీవదేహములో ఒక భాగమునకే రంగు ఎక్కునని, ఆ ఎక్కుట ఆ భాగపు స్వభావమును తెల్పునని ఇట్లు వెల్లడియయ్యెను. తరువాత ఫ్రాన్సులో దుహామెల్ మొదలగువారు ఎముక యే విధముగా పెరుగునో ఈ రంగుతోనే పరిశీలించిరి. ప్రాచ్యదేశపు బట్టను అనుకరింపబోయిన పనివాని పెరటినుండి శరీరశాస్త్రమునకు ఒక సాధనము లభించెను.

కాంపీచి చెక్క

పతంగి చెక్క తెలుగువారి అద్దకమున పాతది. దానియందలి వర్ణమూలము బ్రెజిలిన్. దక్షిణ అమెరికాలో అట్టి ఎఱ్ఱచెక్కయే దొరకగా, ఆసియానుండి వచ్చు పతంగికి ఐరోపావారు పెట్టుకొన్న పేరును దానికిని పెట్టిరి. ఆ చెక్క పేరే బ్రెజిల్ దేశమునకు పేరైనది. హెమటాక్సిలిన్ ఈ బ్రెజిలిన్‌కు తోబుట్టువువంటిది. రెంటి అణువులును దాదాపు ఒకటే. హెమటాక్సిలిన్‌లో ఆక్సిజను పరమాణువు ఒకటి మాత్రమే అధికము.

హెమటాక్సిలిన్ నిచ్చు చెట్టు మెక్సికోలోని కాంపీచి తీరమునను, నేటి బెలీజు దేశమునను పెరుగునది. గ్రీకుభాషలో రక్తము, చెక్క అను అర్థములుగల రెండు మాటలను కూర్చి లిన్నేయస్ దానికి హెమటాక్సిలమ్ అని నామకరణము చేసెను. స్పెయినువారు 16వ శతాబ్దమున ఈ చెక్కను ఐరోపాకు చేరవేసిరి. సరియైన బంధకము లేక అద్దిన బట్టలు త్వరలోనే వెలిసిపోవుటచే ఇంగ్లండు 1581లో దాని వాడుకను నిషేధించెను. అద్దకపువారు దానిని నిలుపు విధమును నేర్చినపిదప 1662లో ఆ నిషేధము తొలగెను. ఈ చెక్కకై స్పెయినునకును ఇంగ్లండునకును నడుమ చిరకాలము కలహములు జరిగినవి. నావికుడు విలియం డాంపియర్ 1670 దశకమున కాంపీచి బురదనేలలలో చెక్కకొట్టువారితో కలిసి నివసించి వారి కష్టజీవనమును వర్ణించెను. తరువాతి శతాబ్దమున ఆ గొడ్డలి ఆఫ్రికానుండి తేబడిన బానిసల చేతికి వచ్చెను. నేడు రోగనిర్ణయమునకు తోడ్పడు రంగు వెనుక ఈ చెమటయు ఉన్నదని మరువరాదు.

ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు షెవ్రెల్ 1810 ప్రాంతమున ఈ చెక్కనుండి వర్ణమూలమును వేరుచేసెను. అప్పుడు తెలియవచ్చిన విచిత్రమేమన, స్వచ్ఛమైన హెమటాక్సిలిన్‌కు చెప్పదగిన రంగు లేదు. అది గాలిలోని ఆక్సిజనుతో కలిసి, రెండు హైడ్రోజను పరమాణువులను కోల్పోయి, హెమటీన్‌గా మారినప్పుడే రంజకమగును. ఈ మార్పును ప్రయోగశాలలలో పక్వమగుట యందురు. పండని కాయ వగరుగా నుండి పండినప్పుడు రుచించునట్లే, పక్వము కాని ద్రావణము పనికిరాదు. మిక్కిలి పండినదియు చెడిపోవును.

పటిక చేరిన సంవత్సరము

సూక్ష్మదర్శినితో చూచు వస్తువులకు రంగుపూయు తలపు క్రొత్తది కాదు. లేవెన్‌హుక్ 18వ శతాబ్దారంభముననే కండపోగులను కుంకుమపువ్వుతో తడిపి చూచెను. కాని ఈ ప్రయత్నములు ఎచ్చటివచ్చట నిలిచిపోయెను. 1858లో జర్మనీదేశస్థుడు గెర్లాక్ మెదడుపొరలకు కార్మైన్ అను ఎఱ్ఱరంగును పట్టించి, కేంద్రకములు తక్కినవానికంటె గాఢముగా రంగునెక్కుటను చూపెను. మిక్కిలి పలుచనైన కార్మైన్ నీటిలో ఒక పొర రాత్రియంతయు మరచిపోబడుటవలన ఈ ఫలితము దొరకినదని ప్రసిద్ధి. ఈ కార్మైన్ కూడ మెక్సికోనుండి వచ్చిన కొచినీల్ పురుగుల రంగే.

1863లో వాల్డెయర్ కాంపీచి చెక్క రసమును వట్టినీటిలో కరగించి కణజాలమునకు పట్టించెను. ఫలితము సంతృప్తికరముగా లేదు. కారణము అద్దకపువాడు అడిగినవెంటనే చెప్పగలిగియుండెడివాడు: బంధకము లేదు. రెండు సంవత్సరములకు, 1865లో, ఫ్రాంజ్ బోమర్ ఆ రసమునకు పటిక చేర్చెను. కేంద్రకములు నీలముగా, స్పష్టముగా, చెదరక నిలిచెను. కణజాలశాస్త్రమున నూతనయుగము ఆ చేర్పుతో నారంభమైన దనవచ్చును.

దీనికి హేతువు నేడు తెలిసినది. హెమటీన్ ఒంటరిగా కేంద్రకమును పట్టజాలదు. పటికలోని అల్యూమినియముతో జతకూడినప్పుడు ఆ జంటకు ధనావేశము కలుగును. కేంద్రకములోని న్యూక్లియిక్ ఆమ్లములయందు ఋణావేశముగల ఫాస్ఫేటు సముదాయములు వరుసగా నున్నవి. రెండును పరస్పరము ఆకర్షించుకొనును. బట్టలో నూలు చేసిన పనిని ఇచ్చట కేంద్రకపదార్థము చేయుచున్నది. పటికకు బదులుగా ఇనుమును వాడిన నలుపు వచ్చును. మార్టిన్ హైడెన్‌హైన్ 1892లోను, వైగర్ట్ 1904లోను వాడుకలోనికి తెచ్చిన రంజకము లట్టివి. కలంకారీలో పటిక ఎఱుపునకును, ఇనుపకసిమి నలుపునకును పనికివచ్చుట ఇచ్చట స్మరింపదగినది.

రంగుకట్టిన కణములను శ్రద్ధతో పరిశీలించిన వాల్టర్ ఫ్లెమింగ్ 1882 నాటికి కణము రెండుగా చీలు విధమును దశలవారిగా వర్ణించెను. ఆ చీలికలో కనబడు దారములవంటి వస్తువులకు 1888లో క్రోమోసోములని పేరుపెట్టినవాడు, పూర్వము చెక్కరసముతో విఫలుడైన వాల్డెయరే. గ్రీకున ఆ మాటకు రంగుగల దేహమని యర్థము. రంగును చక్కగా పట్టుకొనుటవలననే వానికి ఆ పేరు వచ్చినది.

ఉషోదేవత పేరి రంగు

కేంద్రకము నీలమైనను తక్కిన కణము ఇంకను తెల్లగానే మిగిలెను. దానికి వేరొక రంగు కావలసివచ్చెను. 1856లో పెర్కిన్ కీలునుండి తీసిన పదార్థముతో కృత్రిమమైన ఊదారంగును తయారుచేసినప్పటినుండి జర్మనీలో రంగుల కర్మాగారములు పెరిగినవి. బి.ఏ.ఎస్.ఎఫ్. సంస్థలోని హైన్రిక్ కారో 1870 దశకమున ఇయోసిన్ అను గులాబివన్నె రంగును తయారుచేసెను. గ్రీకుల ఉషోదేవత పేరు ఇయోస్. ఆ మాటనుండియే ఈ రంగునకు పేరు కలిగినది. ఫిషర్ దానిని కణజాలమునకు పట్టించి చూపగా, 1876లో విస్సోస్కీ హెమటాక్సిలిన్, ఇయోసిన్ రెంటిని ఒకే పొరపై ప్రయోగించెను. కేంద్రకము నీలముగను, కణద్రవ్యము గులాబిగను, రక్తకణములు మరింత ఎఱ్ఱగను కనబడెను. ఈ జంట నాటినుండి నేటివరకు విడిపోలేదు.

ఇచ్చట ఒక విషాదమును చెప్పవలసియున్నది. చిరివేరులోని అలిజరిన్‌ను గ్రేబె, లీబెర్‌మన్ అనువారు 1868లో కృత్రిమముగా సృష్టించిరి. దానిని చౌకగా తయారుచేయు పద్ధతికి 1869లో వారితో కలిసి హక్కుపత్రము కోరినవాడు ఈ కారోయే. కొలది సంవత్సరములలో మంజిష్ఠ, చిరివేరు సాగు క్షీణించెను. వేరు త్రవ్వి బ్రతికిన కోరమండలపు కుటుంబముల వృత్తి పోయినది. ఒకే రసాయనశాస్త్రజ్ఞుని చేతిపని ఒకచోట రోగికి మేలును, మరియొకచోట పనివానికి కీడును చేసెను. చరిత్ర వ్రాయువారు రెంటిని లెక్కకు తేవలెను.

ఇయోసిన్‌కు దక్షిణదేశముతో మరియొక సంబంధము కలదు. 1891లో రొమనోవ్‌స్కీ ఇయోసిన్‌ను మెథిలీన్ బ్లూతో కలిపి రక్తపు పూతలకు పట్టించు పద్ధతిని తెలిపెను. ఆ పద్ధతి వలననే విలియం లీష్‌మన్ డండం దండులో పనిచేసి జబ్బుపడిన సైనికుని ప్లీహములోను, 1903లో మదరాసు ప్రభుత్వ ఆసుపత్రిలో చార్లెస్ డొనోవన్ రోగుల ప్లీహములోను కాలా ఆజార్ క్రిమిని చూడగలిగిరి. ఆ క్రిమికి వారిరువురి పేర్లును కలిపి లీష్‌మేనియా డొనోవని అని రొనాల్డ్ రాస్ పేరుపెట్టెను.

రంజకపు పాకము

హెమటాక్సిలిన్ ద్రావణమును తయారుచేయుటకు అనేకులు అనేక పాకములు చెప్పిరి. వానిలో భేదము ప్రధానముగా పక్వము చేయు విధమునందున్నది.

ఎర్లిక్ 1886లో చెప్పిన పాకమున హెమటాక్సిలిన్ 2 గ్రాములను 100 మిల్లీలీటర్ల ఆల్కహాలులో కరగించి, 100 మిల్లీలీటర్ల చొప్పున గ్లిసరినును, బట్టిపట్టిన నీటిని, 10 మిల్లీలీటర్ల గ్లేషియల్ అసిటిక్ ఆమ్లమును చేర్చి, పటికను అధికముగా వేయుదురు. సీసా మూతిని వదులుగా కప్పి, ఎండతగులు కిటికీయొద్ద దాదాపు రెండునెలలు ఉంచుదురు. గాలియు వెలుతురును మెల్లగా దానిని పండించును. ఊరగాయ జాడీని కనిపెట్టుకొని యుండునట్లు అప్పుడప్పుడు కదపవలెను. ఇట్లు పండిన ద్రావణము సంవత్సరములకొలది చెడక యుండును.

ఆలస్యమునకు ఓపికలేనివారికి హారిస్ 1900లో త్వరితమార్గము చూపెను. హెమటాక్సిలిన్ 2.5 గ్రాములను 25 మిల్లీలీటర్ల ఆల్కహాలులో కరగింతురు. వేరొక పెద్దపాత్రలో 50 గ్రాముల పటికను 500 మిల్లీలీటర్ల వేడినీటిలో కరగించి, రెంటిని కలిపి త్వరగా మరుగునట్లు కాతురు. దించి, మెర్క్యూరిక్ ఆక్సైడు 1.25 గ్రాములను మెల్లమెల్లగా చేర్చుదురు. ద్రావణము పొంగును గనుక పాత్ర పెద్దదిగా నుండవలెను. ముదురు ఊదారంగు వచ్చినవెంటనే పాత్రను చల్లనినీటిలో ముంచి చల్లార్చవలెను. జాగుచేసిన యెడల మిక్కిలి పక్వమై గోధుమవన్నె అవక్షేపముగా చెడును. చల్లారినపిదప 20 మిల్లీలీటర్ల గ్లేషియల్ అసిటిక్ ఆమ్లమును చేర్చిన కేంద్రకములు మరింత స్పష్టముగా కనబడును. పాదరసము విషము గనుక ఇప్పుడు అనేక ప్రయోగశాలలు దానికి మారుగా సోడియం అయొడేటును అర గ్రాము వాడుచున్నవి. మేయర్ పాకమున అయొడేటును లీటరుకు 0.2 గ్రాము మాత్రమే వేయుదురు. హెమటాక్సిలిన్ 1 గ్రాము, పటిక 50 గ్రాములు.

సిద్ధమైన ద్రావణముపై లోహపు మెరుపుగల మీగడ తేలును. అది పొరపై పడిన నల్లని మచ్చలగును. కావున వాడుటకుముందు వడకట్టవలెను. ద్రావణము చెడినదా లేదా యని తెలియుటకు కొన్ని చుక్కలను కుళాయినీటిలో వేయుదురు: నీలపు ఊదా వచ్చిన మంచిది; ఎఱుపుగనో గోధుమగనో నిలిచినచో బలహీనపడినది.

పలకపై ప్రయోగము

రోగినుండి తీసిన తునకను వెంటనే ఫార్మలిన్‌లో వేయవలెను. 1893లో బ్లూమ్ కనిపెట్టిన ఈ ఉపయోగమువలన కణములు కుళ్లక స్థిరపడును. పిదప నీటిని ఆల్కహాలుతో తీసివేసి, ఆల్కహాలును క్సైలీన్‌తో తొలగించి, కరగిన మైనమును ఎక్కించి దిమ్మగా పోయుదురు. మైక్రోటోము అను యంత్రముతో ఆ దిమ్మను మిల్లీమీటరులో వేయింట నాలుగైదు వంతుల మందముగల పొరలుగా కోసి గాజుపలకకు అంటింతురు.

రంగు కట్టుటకు ఈ త్రోవనే వెనుకకు నడువవలెను. క్సైలీన్‌తో మైనమును కరగించి, క్రమముగా బలము తగ్గు ఆల్కహాలులలో ముంచి, నీటికి దింపుదురు. తరువాత హారిస్ ద్రావణములో 5 మొదలు 15 నిమిషము లుంచుదురు. అప్పుడు పొరయంతయు ఎఱ్ఱని ఊదాగా, అధికముగా రంగునెక్కియుండును. దానిని 70 శాతపు ఆల్కహాలులో కలిపిన 1 శాతము హైడ్రోక్లోరిక్ ఆమ్లమున కొన్ని క్షణములు మాత్రము ముంచి తీయుదురు. బలముగా పట్టని రంగు ముందు పోవును; కేంద్రకమును పట్టినది నిలుచును. క్షణమెక్కువైన కేంద్రకమే వెలియును, తక్కువైన అంతయు మసకగా మిగులును. గడియారముకంటె ఇచ్చట అనుభవజ్ఞుని కన్నే ముఖ్యము.

తరువాత పలకను పారు కుళాయినీటిలో 5 నిమిషములుంతురు. నీటిలోని స్వల్పక్షారమువలన ఎఱుపు నీలముగా మారును. నీరు మెత్తనిదైనచో లీటరునకు 3.5 గ్రాముల సోడియం బైకార్బనేటును 20 గ్రాముల మెగ్నీషియం సల్ఫేటును కలిపిన నీటిని వాడుదురు. పారునీటి గుణమును ఎరిగి రంగును తీర్చుట అద్దకపువారును ఎఱిగినదే. కడపట 1 శాతపు ఇయోసిన్ నీటిలో కొన్ని నిమిషములుంచి, కడిగి, ఆల్కహాలుతో ఆర్చి, క్సైలీన్‌తో తేటపరచి, కెనడా బాల్సమ్‌తోగాని, 1939నుండి వాడుకలోనున్న డీపీఎక్స్‌తోగాని పలుచని గాజుబిళ్లను కప్పుదురు. ఆ పలక దశాబ్దములు నిలుచును.

ఆ పలకపై వైద్యుడు చదువునదేమి? కేంద్రకములు సమముగా, వరుసగా నున్నవా? మితిమీరి పెద్దవై, ముదురు నీలమై, ఆకృతి చెడియున్నవా? చీలుచున్న కణములు అధికముగా నున్నవా? తమ హద్దును దాటి ప్రక్కపొరలోనికి చొచ్చినవా? ఈ ప్రశ్నల సమాధానమునుబట్టి ఒక స్త్రీ రొమ్మును కోయవలెనా, మాన్పవలెనా యని తేలును. రంగు సరిగా కట్టనిచో ఆ నిర్ణయము తడబడును. రంజకమును వడకట్టు పనివాని శ్రద్ధపైనను ఒక కుటుంబము భవిష్యత్తు ఆధారపడియున్నది.

కృత్రిమ రంజకములు వేలకొలది వచ్చినను హెమటాక్సిలిన్ స్థానమును ఏదియు పూర్తిగా నాక్రమింపలేదు. మొదటి ప్రపంచయుద్ధమున జర్మనీ రంగులు కరవైనప్పుడు అమెరికాలో ఏర్పడిన ఇబ్బందియే 1920 దశకారంభమున రంజకముల నాణ్యతను పరీక్షించు సంఘమునకు దారితీసినది. 1970 దశకారంభమునను, 2008లోను హెమటాక్సిలిన్ కొరత కలిగి ప్రయోగశాలలు ప్రత్యామ్నాయములను వెదకవలసివచ్చెను. మెక్సికో అడవిలోని చెట్టు గొడ్డలికి దొరకనిచో దూరపు ఊరి ఆసుపత్రిలో పలక తెల్లబడును.

చివరిమాట

హెమటాక్సిలిన్ రంజకమును తెలుగువారు కనుగొనిరని చెప్పుట అసత్యము. అద్దకపువారికి కణము తెలియదు, కేంద్రకము తెలియదు. ఆ కీర్తి సూక్ష్మదర్శినితో శ్రమించినవారిదే. స్వజాతి ప్రశంసకై చరిత్రను సాగదీసినచో నిజముగా గర్వింపదగినది కూడ నమ్మదగనిదగును. నిజమిది: రంగును నిలుపునది బంధకమని, మోతాదు మించిన చెడునని, అంటని దానిని కడిగివేసినగాని అంటినది తెలియదని తరతరములు పరీక్షించి తెలిసికొని, తప్పక అదే ఫలితమును రాబట్టినవారు ఆ పనివారు. పరీక్షించి తెలిసికొన్నదానికి, మరల మరల నిజమగుదానికి శాస్త్రమను పేరు చెల్లును. వారికి లేనిది గ్రంథము, జ్ఞానము కాదు.

స్వరాష్ట్రమునకు వెలుపల తెలుగు చదువుకొను బాలురకు విజ్ఞానశాస్త్రము పరభాషలోని పరుల సొత్తుగా తోచుట సహజము. కరక్కాయ, పటిక, కసిమి, చిరివేరు, పతంగి యను మాటలు వారి తాతముత్తాతల నోటివి. రంజకము, బంధకము, పక్వము అను మాటలను ఆ పాతమాటల ప్రక్కన కూర్చుండబెట్టి చెప్పినచో కేంద్రకము నీలమగు హేతువు వారికి పరాయిదిగా నుండదు. షోలాపురపు నేతపనివాని కుమార్తెయైనను, సిక్కినాయకన్‌పేట చిత్రకారుని కుమారుడైనను రేపు సూక్ష్మదర్శినిముందు కూర్చున్నప్పుడు, పలకపై నిలిచిన ఆ నీలము తమ యింటి తొట్టికి దూరపు చుట్టమని గుర్తింపగలరు.